మూడు గైడ్లు వద్దు, అమ్మడూ

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి. మొన్న నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నా ఆలోచన అంతా నీ పని మీదే ఉంది. కొత్త ఉద్యోగంలో చేరిన నెలకే ఇంత టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ కూడా బెంగగా ఉంది. ముప్ఫై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాసి పర్లాకిమిడి తిరిగొచ్చినవాణ్ణి. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే నాకు తృప్తిగా లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మీ మేనేజరు నిన్ను మందుల షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి యూజర్ గైడ్ రాయమన్నారు, అదీ మూడు రకాలుగా రాయమన్నారు. చూసి నేర్చుకునేవాళ్ళకు బొమ్మలతో ఒకటి, విని నేర్చుకునేవాళ్ళకు వీడియోలతో ఒకటి, చేసి నేర్చుకునేవాళ్ళకు అభ్యాసాలతో ఒకటి. ముందు షాపులకు ప్రశ్నపత్రం పంపి ఎవరు ఏ రకమో తేల్చమన్నారు. నా మాట విని ఆ ప్రశ్నపత్రం పంపకు. మూడు గైడ్లూ మొదలుపెట్టకు.

మీ మేనేజరుది చెడ్డ ఉద్దేశం కాదు. అందరికీ ఒకే మందు పనిచేయదని ఆయన అనుకోవడం మంచిదే. నేర్చుకునేవాళ్ళు ఇన్ని రకాలన్న ఈ మాట ఎలా వ్యాపించిందో తెలిస్తే ఆయనతో మాట్లాడటం నీకు తేలికవుతుంది. 1987లో న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన వార్క్ అనే ప్రశ్నావళి తయారుచేశారు. చూడటం, వినడం, చదవడం రాయడం, స్వయంగా చేయడం, వీటిలో ఎవరికి ఏది ఇష్టమో అడిగే ప్రశ్నలవి. మనుషులకు ఇష్టాలు ఉండటం నిజమే. ఇష్టమైన పద్ధతిలో చెబితే ఎక్కువ వంటబడుతుందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. 2008లో అమెరికాలో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలు తిరగేసి, దానికి సరిపడా ఆధారం లేదని తేల్చారు. మనుషుల్ని రకాలుగా విడగొట్టి పాఠం మార్చాలని చెప్పడానికి అది చాలదన్నారు.

మరి అందరికీ ఒకటే రాసి పడేయమంటావా మావయ్యా అని అడుగుతావు. అలా రాసి నేనే దెబ్బతిన్నాను.

చాలా ఏళ్ళ కిందట గుణుపురం వైపు ఒక ధాన్యం గోదాముకు స్టాక్ ప్రోగ్రాం ఇచ్చాం. దానికి నూట ఎనభై పేజీల మాన్యువల్ రాశాను. మెనూలో ఏ వరుస ఉందో పుస్తకంలోనూ అదే వరుస. ఆరు నెలల తర్వాత వెళ్ళి చూస్తే పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా బీరువాలో ఉంది. కంప్యూటర్ పక్కన గోడకు మాత్రం ఒక అట్టముక్క మేకు కొట్టి ఉంది. దాని మీద గోదాము గుమస్తా స్కెచ్ పెన్నుతో ఏడు వరుసలు రాసుకున్నాడు. తూకం తప్పు కొడితే ఏం చేయాలి, మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి, ప్రింటర్ ఆగిపోతే ఏం చేయాలి, ఇలా ఉన్నాయి. ఒడియా మాటలు, తెలుగు అక్షరాలు. ఏడింటిలో అయిదు, పని ఆగిపోయినప్పుడు ఏం చేయాలన్నవే. నా పుస్తకంలో వాటిలో మూడింటికి జవాబు ఉంది కానీ నూరో పేజీ దాటాక ఉంది. మిగతా రెండూ అసలు లేవు. ఆ అట్టను రాతకు రాత నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఇన్నేళ్ళూ దాన్ని పక్కన పెట్టుకునే రాశాను.

నాకు అర్థమైంది ఇది. మనిషి ఏ రకం అని అడగకూడదు, ఇప్పుడు ఏ అవసరంలో ఉన్నాడని అడగాలి. ఒకే మనిషి పొద్దున్న ఒకలా ఉంటాడు, రాత్రి ఎనిమిదికి కౌంటరు ముందు పదిమంది నిలబడితే ఇంకోలా ఉంటాడు.

మన ఊరి హోల్‌సేల్ మందుల షాపునే చూడు. ఇక్కడి నుంచి కాశీనగరం షాపుకు సరుకు పంపితే రెండూ ఒడిశాలోనే కాబట్టి బిల్లులో సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్జీఎస్టీ (రాష్ట్రం పన్ను) పడతాయి. ఆటోలో వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న పాతపట్నం షాపుకు పంపితే అది ఆంధ్ర కాబట్టి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకం మీద పన్ను, పడుతుంది. 2017 జులై నుంచీ ఇదే లెక్క. దీన్ని గైడులో ఎలా చెబుతావు?

నిన్న చేరిన కుర్రాడికయితే పాతపట్నం బిల్లు ఒకటి మొదటి నుంచి చివరి దాకా చేయించు. ఉత్తుత్తి షాపు పేరు, ఉత్తుత్తి మందులు, తప్పు చేసినా అసలు లెక్క చెడకూడదు. మధ్యలో సూత్రాలు చెప్పకు. పూర్తిగా చేసి చూపిన లెక్క కొత్తవాళ్ళకు ఎంత మేలు చేస్తుందో ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ 1980లలోనే పరీక్షించి చూపారు. అదే కుర్రాడు ఆరు నెలలు పోయాక, హడావుడిలో పాతపట్నం బిల్లుకు పొరపాటున ఎస్జీఎస్టీ వేశాడనుకో. అప్పుడు వాడికి పాఠం వద్దు. 'తప్పు పన్నుతో బిల్లు వేస్తే' అనే శీర్షిక, దాని కింద నాలుగు మెట్లు, అంతే కావాలి. నెలాఖరున అకౌంటెంటుకు పట్టిక కావాలి. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్. పట్టికలో ఒక్క చూపుతో దొరుకుతుంది, అదే పేరాలో దాస్తే విసుక్కుంటాడు. ఇక షాపు యజమాని ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని, పక్క ఊరికి పంపితే పన్ను పేరు ఎందుకు మారుతోందని అడుగుతాడు. ఆయనకు బటన్లు వద్దు, కారణం చెప్పే ఒక పేజీ కావాలి.

డానియెలే ప్రోచిదా అనే ఆయన ఈ నాలుగింటినీ విడదీసి డయాటాక్సిస్ అని పేరు పెట్టారు. నేర్పే పాఠం, పని జరిపించే మెట్లు, వెతుక్కునే వివరం, అర్థం చెప్పే వ్యాసం. వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ మొదటి పేజీ తెరిచి చూడు, ఇదే విభజన కనిపిస్తుంది. నువ్వు రాసేది ఒకటే గైడు, అందులో నాలుగు గదులు. ఏ గదిలోది ఆ గదిలోనే ఉండాలి. పని మెట్ల మధ్య చరిత్ర చెప్పడం మొదలుపెడితే, కౌంటరు ముందు నిలబడ్డ కుర్రాడు పేజీ మూసేస్తాడు.

బొమ్మా, వీడియోనా, రాతా అన్నది మనిషిని బట్టి కాక విషయాన్ని బట్టి తేల్చు. బటన్ ఎక్కడుందో చెప్పాలంటే స్క్రీన్‌షాట్. థర్మల్ ప్రింటర్‌లో కాగితం చుట్ట ఏ వైపు తిప్పి పెట్టాలో చెప్పాలంటే వీడియోకు మించింది లేదు, అర నిమిషం చాలు. గడువు తీరిన మందులు డిస్ట్రిబ్యూటరుకు ఎలా తిరిగి వెళతాయో చెప్పాలంటే బాణం గుర్తుల బొమ్మ. ప్రతి బొమ్మ కిందా మాటలుండాలి, ప్రతి వీడియో కిందా మెట్లు రాసి ఉండాలి. పన్నెండు నిమిషాల వీడియోలో తనకు కావలసిన ఒక్క మెట్టు ఎక్కడుందో ఎవరు వెతుక్కుంటారు? పైగా తర్వాతి వెర్షన్‌లో మెనూ మారితే రాతలో ఒక వాక్యం మారిస్తే సరిపోతుంది, వీడియో అయితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడు. ఇష్టం వేరు, అవసరం వేరు. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడరుతో వింటూ పనిచేస్తారు. వాళ్ళకు 'కుడివైపు ఆకుపచ్చ బటన్ నొక్కండి' అంటే ఏం పనికొస్తుంది? బటన్ పేరు రాయి. బొమ్మలో ఏముందో మాటల్లో రాసి జతచేయి. రంగులు పోల్చుకోలేనివాళ్ళూ ఉంటారు, వినిపించనివాళ్ళకు వీడియోలో అక్షరాలు కావాలి. గడువు దగ్గరపడుతోంది, వీటిని తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోకు.

భాష గురించి కూడా చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు. సవర తెగ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలని వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకున్నారు, తెలుగు లిపిలో వాళ్ళ భాషకు పుస్తకాలు రాశారు. అందుకే షాపుల్లో వాడే మాట ఏదో ముందు విను. వాళ్ళు 'ఎక్స్‌పైరీ రిటర్న్' అంటుంటే నువ్వు 'కాలాతీత ఔషధ ప్రత్యర్పణ' అని రాయకు. స్క్రీన్ మీద సేవ్ అని ఉంటే గైడులోనూ సేవ్ అనే ఉండాలి. ఒకే వస్తువును ఒక పేజీలో 'సరుకు' అని, ఇంకో పేజీలో 'స్టాక్' అని మార్చావంటే రెండూ వేరేమో అనుకుంటారు. ఇదే గైడును ఒడియాలో రాసేవాళ్ళతో నువ్వే వెళ్ళి కూర్చో. తెలుగు గైడు పూర్తయ్యాక వాళ్ళ చేతికి అనువాదానికి ఇవ్వడం కాదు, మొదటి రోజు నుంచీ ఇద్దరూ కలిసి షాపులకు తిరగండి.

మేనేజరుకు కాదని మొహం మీద చెప్పకు. ఒక్క పనికి, అంటే ఎక్స్‌పైరీ రిటర్న్‌కి, నాలుగు గదులూ రాసి చూపించు. మూడు గైడ్లకు పట్టే కాలంలో ఇలాంటివి ఎన్ని అవుతాయో లెక్క వేసి ముందు పెట్టు. ప్రశ్నపత్రానికి బదులు అయిదు షాపుల్లో ఒక్కో పూట కూర్చుంటానని అడుగు. కూర్చున్నప్పుడు నోరు మెదపకూడదు. వాళ్ళు తప్పు బటన్ మీదికి మౌస్ తీసుకెళుతుంటే చెప్పేయాలని ప్రాణం కొట్టుకుంటుంది, అయినా ఆగు. ఎక్కడ ఆగారు, ఏ మాట దగ్గర వెనక్కి వెళ్ళి చదివారు, ఎవరికి ఫోన్ చేశారు, అదంతా రాసుకో. గోడ మీదా, కౌంటరు అద్దం కిందా చీటీలు ఉంటాయి. అడిగి ఫోటో తీసుకో.

దసరాకు వస్తావుగా, రాసిన రెండు పేజీలు ప్రింటు తీసి తీసుకురా. బజారులో మందుల షాపు అబ్బాయితో మాట్లాడి ఉంచాను. మధ్యాహ్నం రెండు దాటాక గిరాకీ తక్కువ, అప్పుడు రమ్మన్నాడు. వాడికి పని నేర్పుతున్న పెద్దాయనా ఉంటాడు. నేను బయట బల్ల మీద కూర్చుంటాను, లోపలికి నువ్వొక్కదానివే వెళ్ళు.

మీ మావయ్య