పాత అంబాసిడర్ బానెట్ కింద అంతా నిగనిగలాడే నలుపే కొట్టాలా?

అక్కర్లేదు, ఫ్యాక్టరీలో ఒక్కో భాగానికి ఒక్కో ఫినిష్ ఉండేది. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు. బాడీ షెల్‌కు రంగు వేశాకే ఇంజిన్ కూర్చోబెట్టేవారు. అందుకే తెల్ల బండిలో ఇంజిన్ చుట్టూ గోడలూ తెలుపే.

రేడియేటర్ సంగతి వేరు. దానికి పల్చటి, మెరుపు లేని నలుపు చాలు. మందంగా కొడితే రేకుల సందులు పూడి వేడి బయటికి పోదు. మే ఎండలో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు టెన్షన్ మీదే!

అసలు షేడ్ కావాలంటే హెడ్‌లైట్ రింగు విప్పండి. ఎండ తగలని ఆ అంచున పాత రంగు తరచూ మిగిలే ఉంటుంది.

మెరుపు ఎక్కువైతే ఒరిజినల్ అనుకోవడం పొరపాటు. రబ్బరు బీడింగ్ మీద పెయింట్ పడిందంటే అది తర్వాత కొట్టిందే.