కొత్త బియ్యానికి బదులేం పెట్టాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పదేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఊళ్ళో సాగర్ ఎడమ కాల్వ కింద మూడెకరాలు కౌలుకిచ్చాం. కౌలు చేసే అన్న మాకు రావాల్సింది ఎటూ ఇస్తాడు, అది కాక ప్రతి సంక్రాంతికి మేం ఊరెళ్ళగానే అరబస్తా కొత్త బియ్యం, ఇన్ని పెసర్లు, రెండు సొరకాయలు తెచ్చి అరుగు మీద పెట్టి పోతాడు. ఓ చొక్కా గుడ్డ పెడదాం అంటారు మావారు. నాకు అది చాలదనిపిస్తుంది. మా పిల్లలేమో స్కూల్ వ్యాసంలో ‘రైతుకు థాంక్స్’ అని రాసి ట్రాక్టర్ బొమ్మ వేశారు. ఆయనకు మేం ఏం చేస్తే బాగుంటుంది?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: ముందు ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకమ్మా. రైతుభరోసా డబ్బులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి? ఎకరాకు ఏడాదికి 12,000 అని ప్రభుత్వం ప్రకటించింది, అంటే మీ మూడెకరాలకు 36,000. 2018లో రైతుబంధు పేరుతో మొదలైనప్పటి నుంచీ పాసుపుస్తకం ఎవరి పేరు మీదుంటే వాళ్ళకే ఆ డబ్బు. దాన్ని పెట్టుబడి సాయం అంటారు గానీ విత్తనాలు, యూరియా, నాటు కూలి, కోత మిషన్ కిరాయి అన్నీ పెట్టుకునేది ఆయన, సాయం అందేది మీకు. చొక్కా గుడ్డ సంగతి తర్వాత చూద్దాం.

ఇంకో మాట. ఆ బియ్యంలో ప్రేమ ఉంది, కాదనను, కానీ కౌలు చాలా ఊళ్ళలో నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం ఉండదు, వచ్చే ఏడు ఈ భూమి ఇంకెవరికైనా ఇస్తారేమో అన్న టెన్షన్ ఆయనకు ప్రతి సంక్రాంతికీ ఉంటుంది, ఆ సొరకాయల్లో అది కూడా ఉందేమో ఒకసారి ఆలోచించండి. మీరు చెప్పాల్సిన కృతజ్ఞత ఆయన మోసుకొస్తున్నాడు, అదీ నాకు నచ్చని సంగతి.

మాది పాలమూరు వైపు, చెరువు కింద పొలం. నా చిన్నప్పుడు కల్లం కాడ వడ్లు తూర్పార పట్టగానే ఇంటికి ఒక్క గింజ చేరకముందే చెరువు నీళ్ళు పారించిన నీరటికి, నాగలి కర్రు సరిచేసిన కమ్మరికి, చాకలికి, ఇంకా కొందరికి మానికలతో, కుంచాలతో కొలిచి పెట్టేవాళ్ళు. ఎంత గొప్ప సంప్రదాయం అని ఇప్పుడు అందరూ రాస్తుంటారు. నేను అంత గొప్పగా రాయలేను, ఎందుకంటే ఏడాదంతా చేసిన పనికి వాళ్ళకు రావాల్సిందే అది, అయినా కొంగు పట్టి నిలబడాల్సి వచ్చేది, మా తాత చెయ్యి కాస్త వంచి కొలిచిన రోజులూ నేను చూశాను. పెట్టేవాడు దాత అయిపోయాడు, కష్టపడ్డవాడు దండం పెట్టాడు.

కాబట్టి మీవారితో కూర్చుని లెక్క మాట్లాడండి. ఆ సాయం డబ్బులో సగమైనా ఆయనకిచ్చేయండి, లేదా కౌల్లో తగ్గించండి. కాల్వకు నీళ్ళు రాని ఏడు, వాన కొట్టి వడ్లు తడిసిన ఏడు కౌలు ముక్కుపిండి వసూలు చెయ్యకండి. మూడేళ్ళకో, ఐదేళ్ళకో మాట కాగితం మీద పెట్టండి. ఇవి చేశాక చొక్కా గుడ్డ పెట్టండి, ఆయన భార్యకు చీర కూడా పెట్టండి, నాటేసేది ఆమే కదా! కొత్త బియ్యం అన్నానికి ముద్దవుతుంది గానీ పరమాన్నానికి, అరిసెలకు దాన్ని మించింది లేదు. వండి, వాళ్ళను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని తినండి. గిన్నెలో పెట్టి పంపకండి.

పిల్లల వ్యాసం గురించి: తప్పేం లేదు, పాపం, వాళ్ళు చూసింది ట్రాక్టరే. సంక్రాంతి రోజుల్లో మీ వైపు యాసంగి నాట్లు నడుస్తుంటాయి. హైవే మీద టోల్‌గేట్ల దగ్గర రద్దీ తగ్గేదాకా అంటూ ఎలాగూ ఒకరోజు ఎక్కువ ఉంటారు కదా, ఆ రోజు పొద్దున్నే పిల్లల్ని మడి దగ్గరికి తీసుకెళ్ళండి. చెప్పులు గట్టు మీదే విప్పించండి, నారు కట్టలు అందించనివ్వండి, పొద్దున నీళ్ళు చల్లగా ఉంటాయి, కాసేపటికే బయటికొస్తామని ఏడుస్తారు. ఏడవనివ్వండి, ఆమె మాత్రం ఇంకా వంగే ఉంటుంది, అదీ చూస్తారు.