20 శాతం వైకల్యం అని రాశారు, 4 లక్షలకు రాజీ పడమంటున్నారు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా ఆయన వయసు 38. కొబ్బరి దింపు పని చేస్తారు. అయిదు నెలల కిందట 216 జాతీయ రహదారి మీద బైక్‌పై వస్తుంటే వెనకనుంచి లారీ గుద్దేసింది. కుడికాలు చీలమండకు కొంచెం పైన రెండు ఎముకలూ విరిగాయి. ప్లేటు వేశారు. ఇప్పుడు నడుస్తున్నారు గానీ చీలమండ సరిగ్గా వంగడం లేదు, చెట్టు ఎక్కలేరు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు కుడికాలికి 20 శాతం వైకల్యం అని రాసిచ్చారు. తెలిసినాయన ఒకరు ఇన్సూరెన్సు వాళ్లతో మాట్లాడి 4 లక్షలకు రాజీ చేయిస్తానంటున్నారు. అది వద్దనుకుంటే, కొంత డబ్బు ఖర్చు పెడితే 60 శాతానికి సర్టిఫికెట్ తెప్పిస్తారట. కేసు ఇంకా వేయలేదు. ఇంటి ఖర్చులకు నా బంగారం కుదువ పెట్టాలా, ఆ 4 లక్షలు తీసేసుకోవాలా?

జవాబు: అమ్మా, ఆ రాజీ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి. 60 శాతం సర్టిఫికెట్ జోలికి మాత్రం అసలే వెళ్లొద్దు.

ముందు లెక్క చూద్దాం. మీ వారు నెలకు సగటున 15,000 సంపాదించేవారని అనుకుందాం. సొంతంగా పని చేసుకునేవారు, 40 ఏళ్లు నిండలేదు కాబట్టి, ముందుముందు పెరిగే సంపాదన కింద మరో 40 శాతం కలుపుతారు. 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ఇది. అప్పుడు నెలకు 21,000, ఏడాదికి 2,52,000. 36 నుంచి 40 ఏళ్ల మధ్య వయసుకు దాన్ని 15తో గుణిస్తారు. ఇది 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక. మొత్తం 37,80,000 అవుతుంది. మీ వారు సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో, ఇందులో అంత శాతం నష్టపరిహారంగా వస్తుంది. 10 శాతమైతే 3,78,000. 20 శాతమైతే 7,56,000. 60 శాతమైతే 22,68,000. ఆస్పత్రి బిల్లులు, మంచంలో ఉన్న నెలల కూలి, పడ్డ బాధకు ఇచ్చేది వీటికి అదనం.

మీ ముందు పెట్టిన 4 లక్షలు దేనికి దగ్గరగా ఉన్నాయో గమనించారా? కాలికి 20 అంటే ఒంటికంతటికీ అందులో సగం, అంటే 10 శాతమే కదా అన్న లెక్కకు. నా అభ్యంతరమంతా అక్కడే. ఇలాంటి కేసుల్లో మూడు శాతాలుంటాయి. దెబ్బ తగిలిన కాలికి ఎంత, మొత్తం శరీరానికి ఎంత, సంపాదనకు ఎంత. మొదటి రెండూ డాక్టరు చెప్పాలి. మూడోది డాక్టరు చెప్పేది కాదు, ప్రమాద నష్టపరిహారం కేసులు వినే కోర్టు, అంటే ట్రిబ్యునల్ తేల్చేది. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఈ తేడాను విడమర్చి చెప్పింది. ఎడమచెయ్యి తెగిపోతే డాక్టరు సుమారు 60 శాతం వేయొచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. అంటే దెబ్బ ఎంతన్నదే కాదు, ఆ మనిషి చేసే పనేమిటన్నదీ చూడాలి.

మీ వారి పనే తీసుకోండి. కాళ్లకు బంధం వేసుకుని, పాదాలు మానుకు అదిమిపెట్టి, ఒంటి బరువంతా వాటి మీద మోపి పైకి లేవాలి. చీలమండ వంగకపోతే ఆ పట్టే దొరకదు. ఆఫీసులో కూర్చునే మనిషికి అదే 20 శాతం మెట్లెక్కేటప్పుడు ఇబ్బంది పెట్టి ఊరుకుంటుంది. ఈయనకు వృత్తే పోయింది. అయితే అవతలి లాయరు ఊరుకోడు. చెట్టెక్కలేకపోతే కొబ్బరి వలుపు చేసుకోవచ్చు కదా, కాయలు లెక్కపెట్టొచ్చు కదా అంటాడు. అందుకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: ఎంతసేపు నిలబడగలరు, బరువు మోయగలరా, వేరే పని దొరికితే రోజుకు ఎంత వస్తుంది. నిజంగా చేయగలిగిన పనిని చేయలేననొద్దు. ట్రిబ్యునల్ 60 అంటుందో, 40 అంటుందో, ఇంకా ఎక్కువ అంటుందో నేను హామీ ఇవ్వలేను. కాలి శాతాన్నే సంపాదన శాతంగా ఒప్పేసుకుంటే మాత్రం మీరు నష్టపోతారు.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఎముక అతికి, ఫిజియోథెరపీ అయ్యాక, ఇక ఇంతకంటే మెరుగుపడదన్న దశకు వచ్చినప్పుడు కొలిచిందే శాశ్వత వైకల్యం. అయిదో నెలలో కొలిస్తే అది ఇంకా మారొచ్చు. చీలమండ ఎన్ని డిగ్రీలు వంగుతోందో పరికరంతో కొలిచి, బాగున్న కాలితో పోల్చాలి. కండరాల బలాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడు వేస్తారు. కాలు పొట్టిదైందేమో చూడాలి. ఒంటికాలి మీద నిలబడగలరా, గొంతుకూర్చోగలరా అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఈ కొలతలన్నీ, ఎక్స్‌రే తేదీతో సహా, కాగితం మీద ఉండాలి. కాలికి ఎంత, మొత్తం శరీరానికి ఎంత అని విడివిడిగా రాయమని అడగండి. ఒట్టి 20 శాతం అని ఒక్క ముక్క రాసిన కాగితాన్ని ఇటు మీరూ నమ్ముకోలేరు, అటు కోర్టూ నమ్మదు. రాసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది కాబట్టి, వైద్యం చేసినాయనే అయితే మేలు. అనుమానం ఉంటే మెడికల్ బోర్డుకు పంపమని ట్రిబ్యునల్‌నే కోరవచ్చు.

కొన్న 60 శాతం సర్టిఫికెట్ సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. బోర్డు మళ్లీ కొలిస్తే కాలు అబద్ధం చెప్పదు. అప్పుడు నిజంగా పోయిన సంపాదన గురించి మీరు చెప్పే మాట కూడా ఎవరూ వినరు. క్రిమినల్ కేసు భయం దానికి తోడు. న్యాయంగా రావాల్సిన డబ్బుంది మీకు. దాన్ని ఎవరో చెప్పిన అడ్డదారి కోసం పోగొట్టుకుంటారేమోనని నా బెంగ.

సదరం సర్టిఫికెట్ వేరే సంగతి. అది పింఛను వంటి పథకాల కోసం. అందులో 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నెలకు 6,000 పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ 40 రాకపోయినంత మాత్రాన ప్రమాదం కేసు బలహీనపడదు.

అన్నిటికంటే తొందరైంది గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో క్లెయిముకు 6 నెలల గడువు పెట్టారు. దాని మీద కోర్టుల్లో వాదనలున్నాయి గానీ మీరు దాన్ని నమ్ముకుని ఆగొద్దు. మీకు మిగిలింది ఒక్క నెల. సర్టిఫికెట్ తర్వాతైనా పెట్టొచ్చు, పిటిషన్ మాత్రం ఇప్పుడే వేయాలి. మీరు ఉండే ప్రాంతం పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. లాయరు ఖర్చు భారమైతే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఎఫ్‌ఐఆర్ నకలు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల అసళ్లు ఒక ఫైల్లో పెట్టుకోండి.

దింపు కూలికి రసీదులుండవని నాకు తెలుసు. అందుకే కొబ్బరి వర్తకుడి చిట్టాలో మీ వారి పేరున్న పేజీలు, తోటల రైతుల సాక్ష్యం, ఫోన్‌పేలో పడ్డ డబ్బుల వివరాలు ఇప్పుడే పోగుచేయండి. నెలకు 15,000 బదులు 10,000 అని కోర్టు అనుకుంటే పైన చెప్పిన ప్రతి అంకెలోనూ మూడో వంతు పోతుంది.

తర్వాత లోక్ అదాలత్‌లో మంచి మొత్తానికి రాజీ కుదిరితే తప్పులేదు. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. సరైన కొలతలు చేతిలో ఉన్నాకే ఆ బల్ల దగ్గర కూర్చోండి.

బంగారం అడిగారు కదా. అవును, ఇంటికి కావలసినంత వరకే, ప్రైవేటు వడ్డీ వ్యాపారి దగ్గర కాకుండా బ్యాంకులోనో సహకార సంఘంలోనో పెట్టండి. మొత్తం ఒకేసారి పెట్టేయకండి. వడ్డీ మాత్రం ఎప్పటికప్పుడు కట్టేస్తూ ఉండండి.