జనానికి ఆకాశం చూపించబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

క్లబ్బు తరఫున ప్రజలకు ఆకాశం చూపించే కార్యక్రమం ఈసారి నీ మీద పెట్టారని రాశావు. పోస్టరు ఎలా ఉండాలి, ఉపన్యాసం ఎవరితో ఇప్పించాలి అని అడిగావు. అవి తర్వాత చూడొచ్చు. ముందు కాగితం తీసుకుని క్యూ లెక్క వెయ్యి.

ఒక మనిషి ముందుకొచ్చి, ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) దగ్గర కన్ను కుదుర్చుకుని, చూసి, ఒక ప్రశ్న అడిగి పక్కకు తప్పుకోవడానికి నిమిషం పైనే పడుతుంది. ఒక టెలిస్కోపు దగ్గర గంటకు 50 మంది చూస్తే గొప్ప. నాలుగు టెలిస్కోపులతో రెండు గంటలు నడిపితే 400 మార్లు చూపించగలవు. 200 మంది వచ్చారంటే తలకు రెండే. చంద్రుడు, గురుడు, శని, నెబ్యులా, గెలాక్సీ అని పోస్టరు నిండా రాసేస్తే సగం పైగా చూడకుండానే ఇంటికి పోతారు. చంద్రుణ్ణీ ఒక గ్రహాన్నీ చూపిస్తామని రాయి, చాలు. మిగతాది ఉంటే కొసరు.

తేదీ శుక్ల పంచమి నుంచి నవమి లోపు పెట్టు. పౌర్ణమి వద్దు. ఆ రోజు సూర్యకాంతి చంద్రుడి మీద నిటారుగా పడి నీడలు ఉండవు, బిలాలన్నీ చదునుగా తెల్లబోతాయి. అష్టమి ప్రాంతంలో వెలుగు చీకట్ల సరిహద్దు వెంట కొండల నీడలు పొడుగ్గా పరుచుకుంటాయి. జనం చేత "అబ్బ!" అనిపించేది అదే. నాసా 2010 నుంచి ఏటా జరుపుతున్న అంతర్జాతీయ చంద్ర వీక్షణ రాత్రిని కూడా సాధారణంగా ఈ దశ దగ్గరే పెడుతుంది. గెలాక్సీల మోజున్న క్లబ్బు సభ్యులు అమావాస్య రోజుల్లో వేరే వెళ్లి చూసుకుంటారు, ఆ గొడవ దీనిలో కలపకు.

ఇక టెలిస్కోపులు. మీ 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పే అద్దాల టెలిస్కోపు) ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 1200 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ ఎం.ఎం. అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 25 ఎం.ఎం. ప్లాసెల్ రకం ఐపీస్ పెడితే 48 రెట్లు, దృశ్యం వెడల్పు సుమారు ఒక డిగ్రీ. చంద్రుడు మొత్తం పడతాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు కాబట్టి, మోటారు లేకపోయినా ఇద్దరు ముగ్గురు చూసేదాకా బొమ్మ లోపలే ఉంటుంది. అదే 10 ఎం.ఎం. పెడితే 120 రెట్లు, కానీ నిమిషంన్నర దాటగానే శని అంచు దాటిపోతాడు. వెనకాలవాళ్లకు నల్లటి ఆకాశం మిగులుతుంది, మొహమాటానికి "బాగుందండీ" అని వెళ్లిపోతారు. గ్రహానికి 15 ఎం.ఎం., అంటే 80 రెట్లు, మధ్యేమార్గం. గ్రహం ఏ అంచు నుంచి లోపలికి జరుగుతోందో గమనించి, మనిషి మారినప్పుడల్లా ఆ అంచు దగ్గర పెట్టు.

అద్దాన్ని గంట ముందే ఆరుబయట పెట్టండి. లోపలి వేడి పోకపోతే గ్రహం నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. కొలిమేషన్ (అద్దాలను ఒకే వరుసలోకి తేవడం), ఫైండర్ (గురి చూసే చిన్న దుర్బిణి) సరిచేసుకోవడం వెలుగుండగానే అయిపోవాలి. అయితే సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా గొట్టానికీ ఫైండర్‌కీ మూతలు ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకు. పగలు సూర్యుణ్ణి చూపించాల్సి వస్తే ఫిల్టరు గొట్టం ముందు భాగానికే. గాలికి ఎగరకుండా టేపు వెయ్యి, చిల్లులున్నాయేమో ముందు బల్బుకెదురుగా పట్టి చూడు. చవక టెలిస్కోపులతో వచ్చే, ఐపీస్‌కి బిగించే సూర్య ఫిల్టర్లు వేడికి పగులుతాయి. అలాంటిది మీ పెట్టెలో ఉంటే ఇవాళే పారెయ్.

ఐపీస్ దగ్గర నిలబడే వాలంటీరే అసలు మనిషి. "కనిపించిందా?" అని అడిగితే అందరూ "ఆఁ" అంటారు. "గురుడి పక్కన చుక్కలు ఎన్ని? ఏ వైపు ఎక్కువ?" అని అడగాలి (ఆ చుక్కలు గురుడి చంద్రులు). తడబడితే బొమ్మ తప్పిపోయిందనో, కన్ను కుదరలేదనో అర్థం. చాలామంది కన్ను లెన్సుకు ఆనించేస్తారు. రెండు సెంటీమీటర్ల దూరం నుంచి మెల్లగా దగ్గరికి రమ్మను. కళ్లజోడు ఉన్నవాళ్లు తీసేసి ఫోకస్ తిప్పుకోవచ్చు, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేని దోషం) ఉంటే మాత్రం తీయకూడదు. ఒకరు ఫోకస్ తిప్పితే తర్వాతి మనిషికి మసకే, కాబట్టి మళ్లీ సరిచెయ్యి. పిల్లలు నిలదొక్కుకోవడానికి ఐపీస్‌నే పట్టుకుంటారు. చేతిపిడి ఉన్న చిన్న నిచ్చెన ఉంటే ఆ బాధ తప్పుతుంది. నిచ్చెన ఎక్కలేని పెద్దలకూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకూ డయాగొనల్ (ఐపీస్‌ని పక్కకు వంచే అద్దం) ఉన్న టెలిస్కోపు ఒకటి తక్కువ ఎత్తులో వేరుగా పెట్టు.

చూడకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: "శని బఠాణీ గింజంత కనిపిస్తాడు, కానీ వలయం స్పష్టంగా తెలుస్తుంది." ఫొటోల్లోని రంగులు ఊహించుకుని వచ్చినవాళ్లను ముందే దారిలో పెట్టకపోతే నిరాశపడతారు.

క్యూలో ఉన్నవాళ్లను ఊరికే నిలబెట్టకు. సప్తర్షి మండలం పైకి వచ్చి ఉంటే వశిష్ఠుడి పక్కన అరుంధతిని వెతకమను. టెలిస్కోపులో వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు, వెన్నెల్లో కూడా. చూపించడానికి ఆకుపచ్చ లేజరు 5 మిల్లీవాట్లు దాటనిది, ఒక్కరి చేతిలోనే ఉండాలి. విమానం దీపం ఏ మూల కనిపించినా ఆపెయ్యాలి. టార్చిలకు ఎర్ర సెల్లోఫేన్ రెండు మడతలు వేయండి, ట్రైపాడ్ కాళ్లకు మెరిసే టేపు చుట్టండి. ఫోన్ ఫొటోలకు ఒక టెలిస్కోపు వదిలెయ్, లేదంటే ప్రతి క్యూలోనూ అదే పని.

మబ్బు పట్టినా రద్దు చేయకు, బంతులతో ఒక ఆట ఆడించు. 30 సెంటీమీటర్ల బంతి భూమి అనుకుంటే చంద్రుడు 8 సెంటీమీటర్ల బంతి. ఎంత దూరంలో నిలబడాలో పిల్లల్నే చెప్పమను. రెండు మూడు అడుగులంటారు. అసలు దూరం 9 మీటర్లు.

టెలిస్కోపు కొనాలని అడిగేవాళ్లకు ముందు 10×50 బైనాక్యులర్ చాలని చెప్పి, పదిహేను రోజుల్లోపు వచ్చే క్లబ్బు సమావేశం తేదీ రాసిన చీటీ చేతిలో పెట్టు. అంతకన్నా ఆలస్యమైతే రారు.

చివర్లో ఐపీస్‌లు లెక్కపెట్టాకే మైదానం వదలండి. మంచు పట్టిన లెన్సుకు మూత బిగించి పెట్టెలో పెట్టొద్దు, తుడవొద్దు కూడా. ఇంటికెళ్లి మూత తీసి, గొట్టాన్ని నేలవైపు వంచి, తెల్లారేదాకా ఆరనివ్వండి.

ఆశీస్సులతో,
బాబాయ్