బెల్జియం రాజు సంతకం పెట్టని చట్టం ఎలా అమలైంది?

1990లో బెల్జియం రాజు బోదువాన్ గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతించే చట్టం మీద సంతకం పెట్టనన్నాడు కదా, మరి అది ఎలా అమలైంది, ఆయన గద్దె దిగి మళ్లీ ఎక్కాడా, రాజుల పట్టికలో ఆయన పాలనాకాలాన్ని రెండుగా రాయాలా అని ఒకరు అడిగారు. గద్దె దిగలేదండీ.

బోదువాన్ గట్టి క్యాథలిక్. పైగా రాణి ఫబియోలాకు ఐదుసార్లు గర్భం నిలవలేదు, వాళ్లకు పిల్లల్లేరు. అది తెలిస్తే ఆయన పట్టుదల అర్థమవుతుంది. దేశంలో అందరికీ ఉన్న మనస్సాక్షి స్వేచ్ఛ నాకొక్కడికే లేకపోతే ఎలా అని ప్రధాని విల్‌ఫ్రీడ్ మార్టెన్స్‌కు ఉత్తరం రాశాడు. పార్లమెంటుకు అడ్డుపడను, ఏదైనా దారి చూడండి అని కూడా కోరాడు.

దారి అప్పటి రాజ్యాంగం 82వ అధికరణలో దొరికింది. రాజు పాలించలేని స్థితిలో ఉంటే మంత్రిమండలి ఆయన అధికారాలు చేపట్టొచ్చు. 1940లో బోదువాన్ తండ్రి మూడో లియోపోల్డ్ జర్మన్లకు చిక్కినప్పుడు వాడింది ఇదే. ఈసారి రాజు ఆరోగ్యంగా రాజభవనంలోనే ఉన్నాడు! రాజ్యాంగాన్ని బాగా సాగదీశారనే నా అభిప్రాయం. రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని తేల్చి, ఆ చట్టం మీద మంత్రులే సంతకాలు చేశారు. ఏప్రిల్ 5న పార్లమెంటు ఉభయసభలు కలిసి ఆయన అధికారాలు తిరిగిచ్చాయి. 245 మంది అనుకూలం, 93 మంది తటస్థం, వ్యతిరేకం ఎవరూ లేరు.

కాబట్టి మీ పట్టికలో 1951 జులై 17 నుంచి, ఆయన చనిపోయిన 1993 జులై 31 దాకా ఒకే పాలనగా వేసేయండి.