తుమ్మ కట్టెల కుప్ప ఎన్ని టన్నులుంటుంది?

అన్నా, చేను గట్టున కొట్టించిన సర్కారు తుమ్మ కుప్ప 20 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 ఎత్తు ఉంటే వ్యాపారి మూడు టన్నులే అంటున్నాడన్నారు కదా, ఒప్పుకోకండి. మొత్తం 600 ఘనపుటడుగులు, అంటే 17 ఘనపు మీటర్లు. వంకర కట్టెలు కాబట్టి సందులకే సగం పోయిందనుకున్నా, బాగా ఆరిన తుమ్మ ఆరు టన్నుల దరిదాపుల్లో తూగుతుంది. వేబ్రిడ్జి తూకం మీదే అమ్మండి.

లావు మొద్దులుంటే పచ్చి ఆరకముందే చీల్పించండి. మన అనంతపురం ఎండకు ఒకసారి బిగిసిందంటే గొడ్డలి దిగదు, ఎగిరి వెనక్కొస్తుంది. ఆరిన కట్టె కొసన నక్షత్రంలా పగుళ్లు కనిపిస్తాయి, రెండు కట్టెలు కొడితే ఖంగుమంటుంది. పచ్చిదైతే మొద్దుగా మోగుతుంది.

అడుగు వరసను మాత్రం చేత్తో లాగొద్దన్నా, కొంకి వాడండి. అక్కడ తేళ్లు చేరతాయి.