కాపీ పాటలైనా సరే, వాయించనివ్వండి

ప్రశ్న: ఈమధ్య ‘సింగ్ స్ట్రీట్’ సినిమా చూశాను. ఒకరి పాటలు వాయించడం మాని సొంతంగా రాసుకోమని అందులో బ్యాండ్ పెట్టిన కుర్రాడికి వాళ్లన్న చెబుతాడు. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. స్నేహితులతో కలిసి మేడ మీద గదిలో అన్నీ సినిమా పాటలే వాయిస్తున్నాడు. దీనివల్ల ఉపయోగం ఉందంటారా?
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది.

జాన్ కార్నీ 2016లో తీసిన ఆ సినిమా అంటే నాకు ప్రాణం. 1985 నాటి డబ్లిన్, అమ్మానాన్నల గొడవలు, ఖర్చు తగ్గుతుందని మార్పించిన స్కూలు. మెట్ల మీద నిలబడ్డ అమ్మాయితో ‘మాకో బ్యాండ్ ఉంది’ అనేశాకే కోనర్ బ్యాండ్ కోసం పరుగులు పెడతాడు. కార్నీ కూడా ఒకప్పుడు ‘ది ఫ్రేమ్స్’ బ్యాండులో బేస్ గిటార్ వాయించాడు. ఆ పిల్లలు తడబడుతూ వాయించే తీరు అంత నిజంగా ఉండటం అందుకేనేమో. అన్న బ్రెండన్ పాత్ర మరీ గొప్పది. కానీ సొంత పాటల గురించి అతనన్న మాటతో నేను సగమే ఏకీభవిస్తాను.

మా బెజవాడ సత్యనారాయణపురంలో శ్రీరామనవమి పందిళ్లకు, దసరాకు వాయించే ఆర్కెస్ట్రాలో నేను గిటార్ పట్టుకున్నాను. అప్పట్లో నోట్స్ ఎవరిస్తారు? కావాల్సిన పాటలు చీటీ మీద రాసి రికార్డింగ్ సెంటర్లో ఇస్తే క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవారు. ఇళయరాజా గారి పాటలో బేస్ గిటార్ ఎటు పోతోందో పట్టుకోవాలంటే ఆ కాస్త ముక్కే వెనక్కి తిప్పి తిప్పి వినాలి. కరెంటు పోతే బ్యాటరీలే దిక్కు. అవి నీరసపడే కొద్దీ మోటారు నెమ్మదించి పాట శ్రుతి కూడా దిగిపోయేది. గిటార్ తీగలను ఆ దిగిన శ్రుతికే వదులు చేసుకుని సాధన సాగించేవాళ్లం. చెవి తయారైంది అక్కడే. పల్లవికీ చరణానికీ మధ్య ఎంత పని జరుగుతుందో తెలిసింది కూడా అక్కడే.

బాలు గారినే చూడండి. మద్రాసులో కుర్రతనంలో ఆయన నడిపిన పాటల బృందంలో ఇళయరాజా, గంగై అమరన్ వాయించారు. వేదికల మీద వాళ్లు వినిపించింది చాలావరకు అప్పటి సినిమా పాటలే. ఇళయరాజా తొలి సినిమా 1976లో గానీ రాలేదు.

కాబట్టి మీవాణ్ని ఆపొద్దు. ఒక్క పని మాత్రం చేయమనండి. బాగా వచ్చిన పాటనే తీసుకుని, మధ్యలో వచ్చే సంగీతం తీసేసి, ఆ జాగాలో తమకు తోచింది వాయించమనండి. సినిమాలో కోనర్, అతని బ్యాండులోని ఈమన్ పక్కపక్కనే కూర్చుని పాట కడతారు కదా, నాకు ప్రేమకథ కన్నా ఆ సన్నివేశాలే ఇష్టం. అలా కూర్చోవడం వీళ్లకూ అలవాటవుతుంది. పరీక్షల టెన్షన్ ఉంటే వాయించే వేళలు కుదించండి, గదికి తాళం మాత్రం వేయకండి.

ప్రశ్న: ఆ సినిమా పిల్లలతో కలిసి చూడొచ్చా?
- అదే పాఠకురాలు

జవాబు: ఇంటర్ పిల్లలతో చూడొచ్చు. బూతు మాటలు వినిపిస్తాయి, స్కూల్లో వేధింపులున్నాయి. కోనర్ మొహానికున్న మేకప్‌ను ప్రిన్సిపాల్ బలవంతంగా కడిగే సన్నివేశం చూడటం కష్టంగా ఉంటుంది. మీవాడికి అన్నో తమ్ముడో ఉంటే వాణ్నీ కూర్చోబెట్టుకోండి. ఈ సినిమాను అన్నదమ్ములందరికీ అంకితమిచ్చారు.